తాళం జేబులో, ఇంజను జోరులో

పాత కారుకు పార్టులు వేయాలంటే కడపలో సలహాలకు కరువు లేదు, పార్టులకే కరువు.

మా బావ దగ్గర 1983 మోడల్ ప్రీమియర్ పద్మిని ఉంది. 1089 సీసీ ఇంజను. దాని పాటికి దాన్ని వదిలేస్తే ఇంకో పదేళ్లు తిరిగేదే. బావ వదల్లేదు. ఇంజను పైమూత హెడ్డు కోయించి, లోపల పెట్రోలు-గాలిని నొక్కే కంప్రెషన్ పెంచాడు, ప్లగ్గులకు రవ్వ అందించే పాత పాయింట్లు పీకించి ఎలక్ట్రానిక్ కిట్టు పెట్టించాడు. ఇక కరెంటు వోల్టేజీ పెంచి పంపే కాయిలు, ఆ కరెంటుతో రవ్వ పుట్టించి పెట్రోలు అంటించే ప్లగ్గులు కొనాలి. తోడుకు నన్ను లాక్కెళ్లాడు.

ఏడురోడ్ల దగ్గర షాపాయన కాయిలు అడగ్గానే, "బాలాస్టు ఉందా సార్?" అన్నాడు.

"లేదబ్బా, షుగరొక్కటే" అన్నాడు బావ.

మెకానిక్ భాయ్‌కి ఫోన్ చేస్తే విషయం తెలిసింది. కాయిలుకు పోయే కరెంటు తగ్గించే బాలాస్ట్ రెసిస్టర్ ఉన్న బండికి ఒకటిన్నర ఓముల కాయిలు, లేనిదానికి మూడు ఓములది. రెసిస్టర్ లేకుండా ఒకటిన్నరది తగిలిస్తే 12 వోల్టులకు 8 ఆంపియర్లు లాగి కాయిలు కాలిపోతుంది. మూడుదైతే నాలుగే. ఆ గండం అలా గడిచింది.

అసలు కథ ప్లగ్గులది. కంప్రెషన్ పెరిగింది కాబట్టి ఒక నంబరు కోల్డ్ ప్లగ్గు వేయమన్నాడు భాయ్. "అంతే కదా మరి, మన ఎండలకు చల్లటిదే ఉండాల" అని బావ తలూపాడు. ఎండకూ దానికీ సంబంధం లేదు. ప్లగ్గు కొస దగ్గరి వేడిని తొందరగా హెడ్డులోకి దించేస్తే కోల్డ్, పట్టి ఉంచితే హాట్. ఎన్‌జీకేలో నంబరు పెరిగేకొద్దీ కోల్డ్. బాష్‌లో పెరిగేకొద్దీ హాట్. రెండు కంపెనీల వాళ్లూ ఒకరి మొహం ఒకరు చూడకుండా నంబర్లు వేసుకున్నారేమో! బండిలో ఉన్నవి బాష్ ఏడు నంబరువి, దిగాల్సింది ఆరుకు. బావ ఎన్‌జీకే లెక్కతో ఎనిమిది కొన్నాడు, అదీ బేరమాడి.

ఆదివారం అక్కనూ అత్తమ్మనూ ఎక్కించుకుని రాయచోటికి బయల్దేరాం. గువ్వలచెరువు ఘాట్ ఎక్కుతుంటే ఇంజన్లో ఎవరో గిన్నెలు తోముతున్నట్టు చప్పుడు. "పవర్ పెరిగింది" అన్నాడు బావ. ఘాట్ దాటాక పాలకోవ అంగడి ముందు ఆపి, తాళం తీసి జేబులో వేసుకున్నాడు.

ఇంజను ఆగలేదు.

గడగడా వణుకుతూ, మధ్యమధ్య దగ్గుతూ తిరుగుతూనే ఉంది. బావ జేబు తడుముకుని, తాళం బయటికి తీసి, దాని వైపు అనుమానంగా చూశాడు. బానెట్ ఎత్తి కాయిలు వైరు పీకాడు. తిరుగుతోంది. బ్యాటరీ వైరూ పీకాడు. అయినా తిరుగుతోంది. ఎర్రగా కాలిన ప్లగ్గు కొసే నిప్పురవ్వలా పెట్రోలు అంటిస్తుంటే కరెంటుతో దానికేం పని? అత్తమ్మ వెనక సీట్లోంచే పెద్దదర్గాకు మొక్కుకుంది.

"నాలుగో గేరు వేసి, బ్రేకు గట్టిగా తొక్కిపెట్టి, క్లచ్ వదులు" అన్నాడు భాయ్ ఫోన్లో.

వదిలాడు. బండి ఒక్క ఎగురు ఎగిరి చచ్చింది. అత్తమ్మ ఒళ్లోని కోవ పొట్లం ముందు సీటు దాటి వచ్చి బావ మెడ మీద పడింది.

అంగడాయన ఇంకో పొట్లం కడుతూ, "ఎట్లా చల్లారేదాకా ఉంటారు కదా సార్, కాఫీ కూడా చెప్పమంటారా?" అన్నాడు.