రెక్క మూసేలోపే చూడాలి

పైలట్ అమోల్ యాదవ్ ముంబయి కాందివలిలో అపార్ట్‌మెంట్ డాబా మీద ఆరు సీట్ల విమానం కట్టారు. 2016లో మేకిన్ ఇండియా ప్రదర్శనలో దాన్ని అందరూ మెచ్చుకున్నారు. పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ రిజిస్ట్రేషన్ మాత్రం 2017 నవంబరులో దక్కింది. ధూలేలో అది నేల విడిచేసరికి 2020 వచ్చింది.

అలప్పుళకు చెందిన ఇంజినీరు అశోక్ తామరాక్షన్ లాక్‌డౌన్ కాలంలో ఇంగ్లండ్‌లోని ఎసెక్స్‌లో తన పెరట్లోని షెడ్డులో నాలుగు సీట్ల విమానాన్ని బిగించారు. 2022లో కుటుంబంతో ఐరోపా దేశాలు తిరిగొచ్చారు. ఆయనది దక్షిణాఫ్రికా కంపెనీ స్లింగ్ కిట్ (బిగించుకునే విడిభాగాల సెట్), యాదవ్‌ది సొంత డిజైన్ కాబట్టి ఇద్దరినీ ఒకే తూకంలో వేయలేం. అయినా బ్రిటన్ పద్ధతిలో మనకు పనికొచ్చేది ఒకటుంది. అక్కడ లైట్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్ ఇన్‌స్పెక్టర్ పని జరుగుతుండగానే వచ్చి చూస్తాడు. రెక్క పైరేకుకు రివెట్లు పడ్డాక లోపలి బోల్టు సరిగా బిగిసిందో లేదో ఎవరికీ కనబడదు. అందుకే మూయకముందే చూసి సంతకం పెడతాడు. అమెరికాలోనైతే సగానికి పైగా పని ఔత్సాహికులే చేసి ఉండాలి, తొలి గంటలన్నీ కేటాయించిన ప్రాంతంలోనే ఎగరాలి. ఇది ప్రయోగాత్మక విమానమన్న హెచ్చరిక ప్రయాణికుడి కళ్లెదుటే ఉండాలి.

నియమాలు సడలించమని మేం అడగడం లేదు. 2021 ఆగస్టులో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో ఓ యువకుడు సొంతంగా చేసిన హెలికాప్టర్‌ను పరీక్షిస్తుండగా రెక్క విరిగి ప్రాణం కోల్పోయాడు. ఇంజిన్ స్టార్ట్ చేయకముందే ఆ యంత్రాన్ని తెలిసినవారెవరైనా ఒకసారి పరిశీలించి ఉంటే? ఇలాంటి కుర్రాళ్లను 'గ్రామీణ మేధావులు' అని ఫొటోలు వేసి పొగిడే మీడియాకు ఆ ప్రశ్న తట్టదు. ప్రభుత్వానికైనా తట్టాలి కదా!

1934 నాటి విమాన చట్టం పోయి, 2025 జనవరి నుంచి భారతీయ వాయుయాన్ అధినియమ్ అమల్లోకి వచ్చింది. ఇదే అదనుగా ప్రభుత్వ విమాన తయారీ సంస్థ హెచ్ఏఎల్‌లో, వైమానిక దళంలో పనిచేసి రిటైరైన టెక్నీషియన్లకు సొంతంగా కట్టే విమానాల తనిఖీ అధికారం ఇవ్వాలి. ఏ దశలో ఎవరు చూడాలో, ఎన్ని రోజుల్లో జవాబివ్వాలో రాసిపెట్టాలి. తొలి పరీక్షలకు జనావాసాలకు దూరంగా స్థలం కావాలి. ప్రకాశం జిల్లా దొనకొండలో బ్రిటిష్ కాలపు ఎయిర్‌స్ట్రిప్ ఏళ్లుగా ఖాళీగా పడి ఉంది. ముందు దాన్ని పరిశీలించండి.