దేశభక్తికి పూచీకత్తా?

కడప జిల్లాలోని ఒక మండల కేంద్రంలో ఈ వారం శాంతి కమిటీ సమావేశం జరిగింది. ఆగస్టు పదిహేను, ఆ తర్వాత వినాయక చవితి వస్తున్నాయి కాబట్టి ఏటా జరిగేదే. ఉత్సవ కమిటీల వాళ్లను ఊరేగింపు ఏ దారిన వెళ్తుందని అడిగారు. మసీదు కమిటీని మైకుల సంగతి అడిగారు. పాస్టర్ల వంతు వచ్చేసరికి అధికారులు బల్ల మీద ఒక కాగితాల కట్ట పెట్టారు. ముందే టైపు చేయించి తెచ్చినవి. కింద పేరు, చర్చి పేరు, సెల్ నంబరు, సంతకం కోసం ఖాళీలు. తాము భారతదేశానికి విధేయులమని, దేశానికి విరుద్ధంగా ఏమీ బోధించబోమని రాసివ్వాలన్నది సారాంశం. పద్దెనిమిది మంది పాస్టర్లు రాసిచ్చారు. కళ్లజోడు ఇంట్లో మరిచి వచ్చిన ఒక పెద్దాయన, పక్కనున్న కుర్ర పాస్టరు వేలు పెట్టి చూపించిన చోట సంతకం చేశాడు. తర్వాత అందరూ కలిసి గ్రూప్ ఫొటో దిగారు. ఫొటోలో అందరూ నవ్వుతూనే ఉన్నారు.

ఎందుకొచ్చింది ఈ కాగితం? నలభై సెకన్ల వీడియో ఒకటి వాట్సాప్ గ్రూపుల్లో తిరిగింది. అందులో ఒక పాస్టరు ఆదివారం ప్రసంగంలో ‘మన పౌరస్థితి పరలోకమునందున్నది’ అంటాడు. బైబిల్లో ఫిలిప్పీయులకు పౌలు రాసిన పత్రికలోని, అంటే ఉత్తరంలోని మాట అది. తెలుగు చర్చిల్లో ఎన్నిసార్లు వినిపించి ఉంటుందో లెక్కలేదు, సమాధుల దగ్గరైతే మరీను. ముందూ వెనకా కత్తిరించి, వీళ్లకు ఇక్కడి పౌరసత్వం అక్కర్లేదట అని ఎవరో రాసి వదిలారు. అంతే, ఫిర్యాదు వచ్చింది, కాగితం తయారైంది. ఆ మాట రాసిన పౌలు రోమా పౌరుడు. కొరడాలతో కొట్టబోతే తన పౌరసత్వం చెప్పి ఆపించినవాడు, కైసరు, అంటే రోమా చక్రవర్తి ఎదుటే తన విచారణ జరగాలని పట్టుబట్టినవాడు. అయినా పౌలు దాకా ఎందుకు, ఇది బ్రహ్మంగారి మఠం ఉన్న జిల్లా. ఈ లోకం నాలుగు రోజుల సంత, అసలు ఇల్లు వేరే ఉంది అని తంబుర మీటుతూ తత్వాలు పాడేవాళ్లను వింటూ పెరిగాం మనం. వాళ్లలో ఎవరినీ ఆఫీసుకు పిలిచి, మరి నీ రేషన్ కార్డు సంగతేమిటని అడగలేదు.

విధేయతా ప్రమాణం ఈ దేశంలో ఎవరు చేస్తారు? మంత్రులు, శాసనసభ్యులు, జడ్జీలు లాంటి వాళ్లు పదవిలోకి వెళ్లేటప్పుడు చేస్తారు. వాళ్లు చదవాల్సిన పాఠం రాజ్యాంగం మూడో షెడ్యూలులో ఉంది. వాళ్లు కాక, 1955 పౌరసత్వ చట్టం కింద పరాయి దేశం నుంచి వచ్చి ఇక్కడి పౌరసత్వం తీసుకునేవాళ్లు చేస్తారు. ఇక్కడే పుట్టి, ఇక్కడే ఓటేసి, ఇక్కడే పన్ను కట్టేవాడు ఆదివారం ప్రార్థన జరుపుకోవాలంటే ప్రమాణం చేయాలని ఏ చట్టంలోనూ లేదు. మరి ఆ బల్ల మీది కాగితం పాస్టర్లతో చెప్పిందేమిటి? మీరు బయటివాళ్లు, లోపల ఉండనివ్వాలంటే రాసివ్వండి అని. తాతముత్తాతల నాటి నుంచి అదే చేలో శనక్కాయలు పీకిన కుటుంబంలో పుట్టినవాడికి ఆ మాట చెప్పడానికి నోరెలా వచ్చింది?

మా భయం ఒక్కటే, ఆనవాయితీ. ఒక కాగితం ఒకసారి ఫైల్లోకి వెళ్తే చాలు, వచ్చే ఏడాది ‘గత సంవత్సరం మాదిరిగానే’ అంటూ మళ్లీ బయటికి వస్తుంది. కుర్చీలో మనిషి మారతాడు, ఫైలు మారదు. ఈ ఏడు పాస్టర్లు. వచ్చే ఏడు చర్చి స్కూళ్ల టీచర్లు. ఆపై ఏడు మసీదు కమిటీ. ఆ తర్వాత నీళ్ల కోసం రోడ్డెక్కిన రైతు సంఘం, ఆ తర్వాత ఇలాంటి సంపాదకీయాలు రాసేవాళ్లు. అసలు తంటా అప్పుడు ఇవ్వని వాడికి. అందరూ ఇచ్చారు కదా, నీకేం రోగం అంటారు.

దేశం కోసం ఒక్క సంతకం పెడితే పోయేదేముంది, అధికారులు గొడవలు రాకూడదనే అడిగారు కదా అనేవాళ్లున్నారు. ఉద్దేశం మంచిదే కావచ్చు. అడగడం మాత్రం తప్పు.

పైగా ఇది కొత్త విద్యేమీ కాదు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత బ్రిటిష్ ప్రభుత్వం, తమ దేశానివి కాని మిషన్ల చేత ఇలాగే రాయించుకుంది. చట్టబద్ధ ప్రభుత్వానికి విధేయంగా ఉంటాం, రాజకీయాల జోలికి పోం అని. 1930లో మదురైలో రాల్ఫ్ కైతాన్ అనే అమెరికన్ మిషనరీ ఒక ఇంగ్లిష్ యువకుడికి తన ఇంట్లో ఆతిథ్యం ఇచ్చాడు. ఆ యువకుడు రెజినాల్డ్ రేనాల్డ్స్, గాంధీ ఉత్తరాన్ని వైస్రాయికి అందించినవాడు. అంతమాత్రానికే కైతాన్ దేశం వదిలి పోవలసి వచ్చింది. ఈ దేశం మీద అభిమానం చూపినందుకే విధేయత కాగితం ఆయన మెడకు చుట్టుకుంది. దొరలు వెళ్లిపోయారు, ఆ కాగితం మాత్రం మన మండల ఆఫీసుల్లో మిగిలిందా?

అదే ఏడాది తంజావూరు క్రైస్తవుడు జె.సి. కుమారప్ప గాంధీ పత్రిక పని చూస్తూ, సత్యాగ్రహానికి దూరంగా నిలబడిన బిషప్పును క్రీస్తు పేరుతోనే నిలదీశాడు. జైలుకూ పోయాడు. చర్చి పెద్దల్లో చాలామంది ఆనాడు దొరల వైపే ఉన్నారన్నది నిజం, దాచాల్సిన పనిలేదు. కుమారప్ప కూడా ఆ చర్చిలోవాడే అన్నదీ అంతే నిజం. రాజ్యాంగసభ ఉపాధ్యక్షుడు హెచ్.సి. ముఖర్జీ క్రైస్తవుడు. 1949లో మతం పేరిట చట్టసభల్లో రిజర్వుడు సీట్లు వద్దన్నప్పుడు దానికి మద్దతుగా మాట్లాడినవాడు. 1971 యుద్ధంలో ప్రాణమిచ్చి పరమవీర చక్ర పొందిన అల్బర్ట్ ఎక్కా ఆదివాసీ క్రైస్తవుడు. ఈ పేర్లు ఏకరువు పెట్టాల్సి రావడమే మాకు చిరాగ్గా ఉంది. పక్కవాడు ఎవరి పేర్లూ చెప్పకుండానే దేశభక్తుడైనప్పుడు క్రైస్తవుడు మాత్రం లిస్టు చదివి వినిపించాలా?

దేవుడికీ దేశానికీ మధ్య క్రైస్తవుడికి లాగులాట ఉండదా అంటే, ఉంటుంది. దేవుణ్ని నిజంగా నమ్మిన ఎవరికైనా ఉంటుంది. నాణెం మీద బొమ్మ చూపించి కైసరుది కైసరుకు ఇవ్వమన్నాడు యేసు. పన్ను కట్టమన్నాడు, మనసు తాకట్టు పెట్టమనలేదు. ఆదివారం ఆరాధనలో పాలకుల కోసం ప్రార్థన చేస్తారు. ఆ పాలకుడికి ఓటు వేయనివాడు కూడా ఆమేన్ అంటాడు. మనకు నచ్చని ముఖ్యమంత్రి క్షేమం కోసం మనలో ఎంతమంది వారం వారం దణ్ణం పెడుతున్నాం?

ఈ లాగులాటను కోర్టు దాకా తీసుకెళ్లినవాళ్లూ ఉన్నారు. 1985లో కేరళలో యెహోవా సాక్షుల కుటుంబానికి చెందిన ముగ్గురు పిల్లలను స్కూలు నుంచి పంపేశారు. జాతీయ గీతం పాడేటప్పుడు వాళ్లు లేచి నిలబడేవాళ్లు, కానీ పాడేవాళ్లు కాదు. తమ విశ్వాసం ఒప్పుకోదన్నారు. మరుసటి ఏడాది సుప్రీంకోర్టు వాళ్లను తిరిగి చేర్చుకోమంది. మర్యాదగా నిలబడ్డాక పాడనంత మాత్రాన అవమానం కాదని, పాడి తీరాలని చెప్పే చట్టమేదీ లేదని తేల్చింది. ఆ తీర్పు రాసింది ఎవరనుకున్నారు? మన అనంతపురం జిల్లాకు చెందిన జస్టిస్ ఒ. చిన్నప్పరెడ్డి. సహనం మన సంప్రదాయం, దాన్ని పలచన చేయకండి అన్న ఆయన మాట లా కాలేజీల్లో ఇప్పటికీ పాఠంగా చెబుతారు. కడప జిల్లా ఆఫీసు దాకా అది రాలేదంటే నమ్మాలా?

ఇక్కడ ఇంకో సంతకం సంగతి కూడా చెప్పుకోవాలి. ఎస్సీ హోదా హిందువులకే అని 1950లో ఉత్తర్వు వచ్చింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను అందులో చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రంలో దళితుడు క్రైస్తవుడినని రాస్తే బీసీ-సి అవుతాడు, ఒక శాతం కోటాలోకి పోతాడు. అందుకే సర్టిఫికెట్‌లో హిందూ అని ఉంటుంది, ఇంటి గోడ మీద సిలువ ఉంటుంది. తండ్రి పాస్టరు, కొడుకు హాస్టల్ సీటు కోసం ఇంకో మతం రాసుకుంటాడు. ఈ చిక్కు విప్పమని 2023 మార్చిలో మన అసెంబ్లీ కేంద్రానికి తీర్మానం కూడా పంపింది. అంటే ఒక చేత్తో నీ దేవుణ్ని దాచిపెట్టి సంతకం చెయ్యి అంటున్నాం, ఇంకో చేత్తో నీ దేవుడి పేరు చెప్పి విధేయత రాసివ్వమంటున్నాం. దాస్తే మోసగాడు, చెబితే అనుమానితుడు! ఇంత కపటం ఉన్నచోట దేశభక్తి గురించి పాఠం ఎవరు ఎవరికి చెప్పాలి?

తిరుమలలో అన్యమతస్థులను డిక్లరేషన్ అడగడం లేదా అని ఈ సంపాదకీయం చదవగానే కొందరు అంటారని తెలుసు. అది గుడి తన గుమ్మం దగ్గర, లోపలికి వస్తానన్నవాణ్ని తన ఆచారం ప్రకారం అడిగేది. ఇక్కడ అడిగింది ప్రభుత్వం, ఎక్కడికీ పోని మనిషిని. మతప్రచారం హద్దు దాటితే ఏమిటంటారా, దానికీ చట్టం ఉంది. ఆలయాల దగ్గర అన్యమత ప్రచారాన్ని నిషేధిస్తూ 2007లో వచ్చింది. అప్పటి ముఖ్యమంత్రి వైఎస్ రాజశేఖరరెడ్డి ఈ కడప జిల్లావాడే, క్రైస్తవుడే, జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రిలో డాక్టరుగా చేసినవాడే. తప్పు చేసినవాడి మీద కేసు పెట్టండి, మేమూ రాస్తాం. తప్పు చేయనివాడి చేత చేయనని రాయించుకోవడం ఏ సెక్షన్?

మనకు పనికొచ్చినప్పుడు ఈ ప్రశ్నలేవీ గుర్తుకు రావు. 1968లో మహారాష్ట్ర నుంచి వెళ్లగొట్టిన స్పెయిన్ మిషనరీ విన్సెంట్ ఫెర్రర్ మరుసటి ఏడాది అనంతపురం వచ్చాడు, 2009లో చనిపోయేదాకా ఈ మట్టినే పట్టుకున్నాడు. ఆయన కట్టించిన ఇళ్లలో ఉంటున్నాం. 2022లో పూల ఆంటోనీ కార్డినల్ అయితే, మొదటి దళిత కార్డినల్ మన కర్నూలువాడే అని చెప్పుకొని మురిశాం. ఉగాది నాడు ముస్లింలు దేవుని కడప గుడికి కొబ్బరికాయ తీసుకెళ్లే ఊరు మనది. ఇలాంటి చోట ఈ ఆనవాయితీ మొదలైందంటే మిగతా జిల్లాల్లో ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు.

పాస్టర్లకూ ఒక మాట. అడిగినవాడిది సగం తప్పయితే, నవ్వుతూ ఇచ్చినవాడిది మిగతా సగం. క్రిస్మస్ వచ్చిందంటే ఎమ్మెల్యేకు కేకు, శాలువా, పల్పిట్ మీద మైకు. ఇప్పుడు ఆఫీసు అడిగితే సంతకం. మనుషుల కంటే దేవుడికే లోబడాలని ప్రసంగాల్లో చెప్పేది మీరే కదా? రాయము, మా దేశభక్తికి మీ ఫైలు అక్కర్లేదు అని పద్దెనిమిది మందిలో ఒక్కరు అని ఉంటే మిగతా పదిహేడు మందికి ధైర్యం వచ్చేది. మీరు రాసిచ్చింది మీ ఒక్కరి తరఫునే కాదు. రేపు పక్క మండలంలో రాయనన్నవాణ్ని మీ కాగితం చూపించే బెదిరిస్తారు.

ఆ పద్దెనిమిది కాగితాలు ఇంకా ఆఫీసు బీరువాలోనే ఉన్నాయి. జిల్లా పెద్దలు వాటిని ఎవరు టైపు చేయమన్నారో కనుక్కోవాలి, జెండా ఎగరేసే లోపు ఎవరివి వాళ్లకు తిరిగి ఇప్పించాలి, నకళ్లు ఉంచుకోకుండా. పాస్టర్లు ఈసారి వెళ్లేది ఆ కాగితాలు వెనక్కి తెచ్చుకోవడానికే కావాలి. వెళ్లేటప్పుడు ఆ పెద్దాయన కళ్లజోడు మరిచిపోకుండా చూడండి.