గౌడీ పోయి నూరేళ్ళు: ఆ గుడి పని ఇప్పుడు ఎవరి మాట మీద సాగాలి?

బెంగళూరు శివాజీనగర్‌లోని సెంట్ మేరీస్ బసిలికాను ఏడేళ్ళలో కట్టి, 1882 సెప్టెంబరు 8న ప్రతిష్ఠ చేశారు. అదే ఏడాది మార్చి 19న స్పెయిన్‌లోని బార్సిలోనాలో సగ్రాడా ఫమీలియా చర్చికి పునాది రాయి పడింది; వాస్తుశిల్పి అంటోని గౌడీ పేరుతో లోకానికి తెలిసిన కట్టడం అది. ఇక్కడ మరియమ్మకు చీర కట్టి, తేరు లాగి, సెప్టెంబరు పండుగలు నూట నలభైకి పైగా జరిగిపోయాయి. అక్కడ పని ఇంకా ముగియలేదు. 2025 అక్టోబరులో మధ్య శిఖరం 162.91 మీటర్లకు చేరి, జర్మనీలోని ఉల్మ్ చర్చిని దాటింది. అలా పూర్తి కాకముందే సగ్రాడా ఫమీలియా ప్రపంచంలోకెల్లా ఎత్తైన చర్చి అయింది. ఆ శిఖరానికి అనుకున్న ఎత్తు 172.5 మీటర్లు.

దీని గురించి ఎవరు రాసినా ఓపిక గురించే రాస్తారు. ఏళ్ళు పట్టడంలోనే ఏదో గొప్ప ఉందన్నట్టు మాట్లాడతారు. నేను ఒప్పుకోను. మన ఊళ్ళో ఈజీపుర ఫ్లైఓవర్ 2017లో మొదలై, మధ్యలో ఆగి, ఏళ్ళ తరబడి ఉత్త స్తంభాలతో నిలబడింది. దాని కింద రోజూ ట్రాఫిక్‌లో నలిగినవాళ్ళకు ఆలస్యంలో గొప్ప ఏమీ కనిపించదు. తరాలు మారినా ఒక కట్టడం ఎందుకు ఆగలేదు, ఆగినచోట ఎందుకు ఆగింది అన్నది అసలు అడగాల్సిన సంగతి. దానికి జవాబు దొరికితే, చర్చి మెట్ల కోసం ఎదుటి ఇళ్ళు కూల్చాలా వద్దా అని బార్సిలోనాలో ఇప్పుడు నడుస్తున్న గొడవలో ఎటువైపు నిలబడాలో కూడా తెలుస్తుంది.

బెంగళూరు తెలుగువాళ్ళకు లేపాక్షి ఒక ఆదివారం ప్రయాణం. నంది దగ్గర ఫొటోలు, వేలాడే స్తంభం కింద కండువా దూర్చి లాగడం అయ్యాక చాలామంది వెనక్కి తిరిగేస్తారు. ఇంకాస్త ముందుకెళ్తే కల్యాణ మండపం ఉంది. చెక్కిన స్తంభాలు నిలబడే ఉన్నాయి, పైకప్పు మాత్రం లేదు. పెనుకొండ కోశాధికారి విరూపణ్ణ రాజుగారి ఖజానా సొమ్ము గుడికి పోశాడని నింద పడిందనీ, శిక్ష వచ్చేలోపు తన కళ్ళు తానే పెరుక్కుని గోడకు కొట్టాడనీ స్థలపురాణం. ఆ ఎర్ర మరకలను గైడ్లు ఇప్పటికీ చూపిస్తారు. కథలో నిజం ఎంతున్నా, దాని నడుమ ఉన్నది మాత్రం ఒక జమాఖర్చు తగాదా. ఒక్క మనిషి పదవి మీద నిలిచిన పని ఆ మనిషితోనే ఆగిపోయిందని జనం ఇన్ని తరాలుగా చెప్పుకుంటున్నారు.

ఆ కాలపు రాజు అచ్యుత దేవరాయలు. శ్రీరంగం దక్షిణ రాజగోపురానికి అడుగు పడిందీ ఆయన హయాంలోనే. అదీ ఆగిపోయింది. సుమారు నాలుగు శతాబ్దాలు మొండి గోపురంగానే మిగిలింది. చివరికి అహోబిల మఠం 44వ జీయరు పూనుకుని విరాళాలు కూడగట్టడంతో 1987లో 236 అడుగుల గోపురం లేచింది. ఒకే రాజు కాలపు రెండు సగం కట్టడాల్లో ఒకటి పూర్తయింది, ఒకటి కాలేదు. శ్రీరంగానికి దొరికినది పాత నక్షా కంటే ముఖ్యమైనది: బాధ్యత నెత్తిన వేసుకున్న ఒక సంస్థ, జనం సొమ్ము, పని తెలిసిన శిల్పులు.

ఈ సంగతి అంటోని గౌడీకి బాగా తెలుసు. 1883లో పని చేతికి తీసుకున్నప్పుడు ఆయనకు ముప్పయ్యొక్కేళ్ళు. తన కాలంలో ఇది తేలదని ఆయనకు అర్థమైంది. అందుకే చర్చి అంతటినీ కొంచెం కొంచెంగా పైకి లేపలేదు. తూర్పువైపు క్రీస్తు జనన ముఖద్వారాన్ని ముందు నిలువునా లేపి చూపించాడు. ఒక భాగం నిండుగా కళ్ళముందు ఉంటే వెనకొచ్చేవాళ్ళు మిగతాది వదిలేయలేరని ఆయన నమ్మకం. 1926 జూన్ 7న ట్రామ్ గుద్ది, మూడు రోజులకు చనిపోయేనాటికి పూర్తయిన శిఖరం ఒక్కటే.

నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది ఆయన ఎంచుకున్న గణితం. చివరి ఏళ్ళలో గౌడీ, సరళరేఖలతో పుట్టే వంపుల వైపు మళ్ళాడు. హైపర్‌బోలాయిడ్ అనే ఆకారం అలాంటిదే. రోడ్డు పక్కన అమ్మే నడుము సన్నని బెత్తం మోడా పీటను చూడండి. అందులో పుల్లలన్నీ తిన్ననివే, వాలుగా నిలపడం వల్ల వంపు వస్తుంది. సగ్రాడా ఫమీలియా పైకప్పులో వెలుగు దిగే గుండ్రటి రంధ్రాలు ఈ లెక్కతో కట్టినవే. మేస్త్రీ అక్కడ తిన్నని కమ్మీలు వాలుగా నిలిపి, వాటి వెంట ఇటుకా పెంకూ పేర్చుకుంటూ పోవచ్చు. చేతితో ఇష్టమొచ్చినట్టు గీసిన వంపు గీసినవాడితోనే పోతుంది. లెక్కతో వచ్చిన వంపును ఆ లెక్క తెలిసిన ఎవరైనా మళ్ళీ తీయగలరు. తన చెయ్యి లేకపోయినా పని సాగే దారిని ఆయన అలా వదిలి వెళ్ళాడు.

ఆ దారికి పరీక్ష పదేళ్ళకే వచ్చింది. 1936లో స్పెయిన్ అంతర్యుద్ధం మొదలవగానే అల్లరిమూకలు గౌడీ కార్యశాలను తగలబెట్టాయి. నక్షాలు కాలిపోయాయి, ప్లాస్టరు నమూనాలు ముక్కలయ్యాయి. ఆ ముక్కలను ఏరి, అతికి, కొలిచి, ఏ వంపు ఏ సమీకరణంతో వచ్చిందో వెనక్కి లెక్కగట్టుకుంటూ వచ్చారు. న్యూజీలాండ్ నుంచి వచ్చిన మార్క్ బరీ 1979 నుంచి దశాబ్దాల పాటు ఆ పనిలో ఉన్నాడు. మొదట కాగితం మీద, తర్వాత విమానాల డిజైన్‌కు వాడే కంప్యూటర్ సాఫ్ట్‌వేర్‌తో ఆ రేఖలను పట్టుకున్నారు.

1965లో లె కార్బ్యూజియే సహా పేరున్న వాస్తుశిల్పులు, కళాకారులు పని ఆపేయమని బహిరంగ లేఖ రాశారు. గౌడీ లేకుండా కట్టేది గౌడీది కాదన్నది వాళ్ళ వాదన. సగం నిజమే. కాదనడానికి లేదు. కానీ అందులోంచి ఆపేయాలన్న ముగింపు రాదు. శిల్పి సుబిరాక్స్ 1987 నుంచి వేదనల ముఖద్వారానికి శిల్పాలు చెక్కాడు. గౌడీని అనుకరించనని ముందే షరతు పెట్టి, ఎముకలు తేలినట్టుండే కోణాల ముఖాలతో క్రీస్తు శిలువ ప్రయాణాన్ని నిలబెట్టాడు. జనం వీధికెక్కి నిరసన తెలిపారు. నాకు ఆ చర్చిలో అన్నిటికన్నా నిజాయితీగా కనిపించే భాగం అదే. అవతల జనన ముఖద్వారంలో దేవదూతలను చెక్కినవాడు జపాన్ నుంచి వచ్చిన ఎత్సురో సోతో.

జర్మనీలోని కొలోన్ కథ ఇంకా స్పష్టం. 1248లో మొదలైన ఆ కథీడ్రల్ పదహారో శతాబ్దంలో ఆగిపోయింది. దక్షిణ గోపురం మీద కొయ్య క్రేను వందల ఏళ్ళు అలాగే ఉండి, ఊరి గుర్తుగా మారింది. పోయిందనుకున్న ముఖభాగం నక్షాలో ఒక సగం 1814లో డార్మ్‌స్టాట్‌లో దొరికింది, రెండో సగం పారిస్‌లో. అయినా 1842లో పని మళ్ళీ మొదలవడానికి నక్షా ఒక్కటే చాలలేదు. పౌరులు సంఘం పెట్టి చందాలు పోగుచేశారు, ప్రష్యా రాజు వాటా వేశాడు. పైకప్పును మధ్యయుగపు కలపతో కాకుండా ఇనుప చట్రంతో వేశారు. 1880కి పూర్తయింది. పాత గీతను గౌరవించారు, తమ కాలపు ఇనుమునూ వాడుకున్నారు.

ఇప్పుడు డబ్బు సంగతి. సగ్రాడా ఫమీలియా భక్తుల కానుకలతో కట్టాలనుకున్న ప్రాయశ్చిత్త ఆలయం. ఈనాడు దాన్ని నడిపేది ఎక్కువగా టికెట్ల సొమ్ము. 2020లో కోవిడ్‌తో పర్యాటకులు ఆగిపోగానే పనీ ఆగింది, 2026కల్లా మొత్తం పూర్తి చేస్తామన్న మాట పక్కకు పోయింది. ఊరితో లెక్కలు కూడా ఆలస్యంగానే తేలాయి. 1885లో అప్పటి చిన్న మునిసిపాలిటీకి పెట్టిన దరఖాస్తు తప్ప సరైన అనుమతి లేకుండానే పని సాగింది. 2019లో బార్సిలోనా నగరపాలక సంస్థ లైసెన్సు ఇచ్చింది. చుట్టుపక్కల రవాణా, వీధుల ఖర్చు కింద పదేళ్ళలో 3.6 కోట్ల యూరోలు కట్టడానికి చర్చి ఒప్పుకుంది.

మిగిలింది మహిమ ముఖద్వారం. దాని ముందు మయోర్కా వీధి మీదుగా పెద్ద మెట్ల వంతెన దిగాలని చర్చిని కట్టిస్తున్న నిర్మాణ సంఘం పట్టు. ఆ మెట్లు దిగాల్సిన చోట అపార్టుమెంట్లు ఉన్నాయి, కింద దుకాణాలు ఉన్నాయి, వందల కుటుంబాలు ఉన్నాయి. అది గౌడీ సంకల్పమని సంఘం అంటుంది. ఆ మాటకు ఆధారం చాలదని నివాసితులు అంటారు.

నేను నివాసితుల పక్షం. గౌడీ సంకల్పం నిజమే అనుకున్నా నా మాట మారదు. సుబిరాక్స్‌కు గౌడీని అనుకరించకుండా చెక్కే స్వేచ్ఛ ఇచ్చారు, శిఖరాలను కంప్యూటర్ లెక్కలతో లేపారు. ఆ పనుల్లో ఈ తరం తన నిర్ణయం తాను తీసుకుంది, సరిగ్గానే తీసుకుంది. ఇళ్ళు కూల్చే దగ్గరికి వచ్చేసరికి మాత్రం చనిపోయిన మనిషి మాట శిరోధార్యం అంటే ఎలా? మన మెదక్ చర్చిని 1914 నుంచి 1924 దాకా కట్టారు. కరువులో అలమటిస్తున్న చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళకు మిషనరీ పోస్నెట్ దొర ఆ పని ఇచ్చి అన్నం పెట్టాడని అక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు. పక్క ఇంటివాడి కడుపు నింపి లేచిన గుడి అది.

మయోర్కా వీధి మెట్లను ఇప్పుడున్న వాస్తుశిల్పులు తమ పేరు మీద, తమ పూచీ మీద మళ్ళీ గీయాలి. వీధి వెడల్పులో ఇమిడేటట్టు, అపార్టుమెంట్ల జోలికి పోకుండా గీయాలి. కొన్ని ఇళ్ళు తీయక తప్పదని తేలితే, ఆ కుటుంబాలు సరేనన్న ధరకు అదే పేటలో వేరే ఇళ్ళు ముందు ఇచ్చి, ఆ ఖర్చు నగరం నెత్తిన వేయకుండా టికెట్ల సొమ్ములోంచే పెట్టాలి. ఆ కాగితాల మీద అందరి సంతకాలూ పడేదాకా ముఖద్వారం మెట్లు లేకుండానే ఉండనివ్వాలి.