చెదల రాణమ్మకు ఇంటి ఓనరు రాయునది

మహాలక్ష్మీ సమానురాలైన చెదల రాణమ్మ గారికి,
మా పడగ్గది బండల కింద, తిరుపతి.

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం ఆనవాయితీ. రాయబోయి ఆగిపోయాను. ఉభయుల్లో మీ కుశలం మాత్రం నాకు బాగా తెలుసు. దసరాకి ఇల్లు దులుపుతూ పడగ్గది దారబందాన్ని బొటనవేలితో ఊరికే అదిమి చూశాను. వేలు లోపలికి దిగబడింది. చెక్క లేదు. రెండు పూతల క్రీము రంగు పెయింటు, దాని వెనక నిలువు చారలుగా మిగిలిన పల్చటి పొరలు, వాటి మధ్య తడి మట్టి. అదీ మా వాకిలి. ఇన్నాళ్ళూ మేం పెయింటుకి తలుపు బిగించుకుని, గడియ కూడా వేసుకుని, ధైర్యంగా నిద్రపోయాం.

బీరువా జరిపితే గోడ మీద పెన్సిలు మందాన మట్టి గీత. స్కర్టింగు టైలు సందులోంచి బయల్దేరి, స్విచ్‌బోర్డు పక్కగా, అటక దాకా పోయింది. ఈనెపుల్లతో ఒక జానెడు గీరాను. గోధుమరవ్వకి కాళ్ళొచ్చినట్టు మీవాళ్ళు తెల్లగా, కంగారుగా పరిగెత్తారు. ఎర్రతల సైనికులు ఒకరిద్దరు దవడలు తెరిచి నా ఈనెపుల్లకి అడ్డం నిలబడ్డారు. (మెచ్చుకున్నాను. కళ్ళు లేవట కదా పాపం, ఎదురుగా ఉన్నది ఎంత పొడుగు మనిషో వాళ్ళకేం తెలుసు.) తెల్లారి చూస్తే ఆ జానెడూ మళ్ళీ కట్టేసి ఉంది, తడి ఇంకా ఆరలేదు. మా వీధి మొదట్లో పైపు కోసం ఎవరో తవ్విన గుంత రెండు సంక్రాంతులు చూసింది. మీ కాంట్రాక్టరు ఎవరో కాస్త చెప్పండి.

మీవాళ్ళ ఒళ్ళు మరీ సుకుమారమట, పొడిగాలి తగిలితే ఎండిపోతారట. అందుకే మట్టి, ఉమ్మి, మలం కలిపి సొరంగం కట్టుకుని, నేలలోని తేమ వదలకుండా చెక్క దాకా నడిచొస్తారు. మా ఆవిడ ఈ సంగతి విని, మే నెలలో కరెంటు పోయినప్పుడు మనకీ ఒకటి ఉంటే బాగుణ్ణు అంది.

అసలు మన రెండు కుటుంబాల మధ్య ఇట్లాంటి మాటలు రాకూడదు. మా ఊరి సామి వైకుంఠం వదిలి వచ్చినప్పుడు కొండ మీద ఆయనకి తావిచ్చింది ఒక పుట్ట. చింతచెట్టు కింద ఆ పుట్టలో ఉన్నాయన కోసం ఆవు వచ్చి పాలు కురిపించేదనీ, అది చూసి పశులకాపరి గొడ్డలి విసిరాడనీ మా అవ్వ చెప్పేది. అంటే సామికి మొదట ఇల్లు బాడుగకిచ్చిన ఓనర్లు మీవాళ్ళే. ఆయన కుబేరుడికి వడ్డీ కడతా ఉన్నాడు గానీ, మీ బాడుగ ఊసు ఎత్తినట్టు ఎక్కడా వినలేదు. ఆ బాకీ నా దగ్గర వసూలు చేస్తున్నారేమో అని ఒక అనుమానం.

పైగా పుట్టలు పెట్టేది చీమలని మాకు బళ్ళో చెప్పారు. కట్టింది మీరు, పేరు చీమలకి, కాపురం పాములకి, పసుపు కుంకుమలూ పాములకే. ఇంగ్లీషువాళ్ళు కూడా మిమ్మల్ని తెల్లచీమలనే పిలిచారు. మీరు చీమల జాతే కాదనీ, బొద్దింకలకి దగ్గర బంధువులనీ నాకు ఈమధ్యే తెలిసింది. మా వంటింటి సింకు కింద మీ పెదనాన్న పిల్లలున్నారు. వాళ్ళకి వేరే ఉత్తరం రాస్తాను.

మీరు చెక్క తింటారని నింద వేశాను, అదీ సగమే నిజమట. కొన్ని జాతులు పేగుల్లో సూక్ష్మజీవుల్ని పెట్టుకుని చెక్కని అరిగించుకుంటాయి. పుట్టలు కట్టే మీ ఒడొంటోటెర్మిస్ వంశంలో పద్ధతి వేరు. చెక్కని నమిలి, మింగి, విసర్జించి, ఆ ఉండలతో తేనెపట్టులాంటి అరలు కట్టి, వాటి మీద బూజు పెంచుతారు. బూజు చెక్కని మెత్తబరిచాక అప్పుడు భోజనం. వ్యవసాయమన్న మాట. మా నాయన వేరుశెనక్కాయ వేసి అప్పుల పాలయ్యాడు. మీరు నా దారబందాన్ని ఎరువుగా వేసి, వాన పడినా పడకపోయినా పంట తీస్తున్నారు. వానలకి ఆ బూజే గొడుగులై పుట్ట మీదికి లేస్తుంది. పోయినేడు మా బామ్మర్ది చంద్రగిరి వైపు నుంచి సంచెడు పుట్టగొడుగులు తెస్తే మిరియాలు దట్టించి వేపుడు చేసుకున్నాం. ఆ లెక్కన ఏ పుణ్యాత్ముడి తలుపో మా అన్నంలోకీ వచ్చినట్టే.

తినడం అంటే గుర్తొచ్చింది, ఇది కూడా చెప్పేయాలి. చిన్నప్పుడు వాన వెలిసిన సాయంత్రం ఉసుళ్ళు (అంటే రెక్కలొచ్చిన మీవాళ్ళే) లేస్తే మా అవ్వ ఇంట్లో లైట్లన్నీ ఆర్పేసి, వసారాలో బేసినుకి నీళ్ళు పోసి మధ్యలో దీపం పెట్టేది. పొద్దునకి బేసిను నిండా రెక్కలు. ఎండబెట్టి, చాటతో చెరిగి, వేయించి, బొరుగులూ ఉప్పూ కారమూ కలిపి పొట్లం కట్టిచ్చేది. నిక్కరు జేబులో వేసుకుని బడికి పోతూ ఎంతమంది రాకుమార్తెల్ని నమిలానో లెక్కలేదు. అట్లాంటి ఏదో సాయంత్రం దీపాలన్నీ తప్పించుకున్న ఒక జంట రెక్కలు రాల్చుకుని మా ఇంటి వారన తడిమట్టిలో దూరి ఉంటుంది. అది మీరూ, రాజుగారూనూ. ఇప్పుడు మీరు వేలెడు లావై, కదల్లేక, రోజుకి వేల గుడ్లు పెడుతూ చీకట్లో పడి ఉంటారట. రాజుగారు చచ్చేదాకా పక్కనే ఉంటారట. మా ఆవిడ ఈ ఒక్క మాటని రెండుసార్లు చదివించుకుంది.

దారబందం పోతే పోయింది. అటక మీద అట్టపెట్టెలో పెట్టిన స్థలం దస్తావేజు జోలికి ఎందుకొచ్చారు? అదీ సరిగ్గా నాలుగో పేజీ, హద్దుల పేజీ. తూర్పు, పడమర వదిలేసి ఉత్తరం, దక్షిణం తిన్నారు. తాళ్ళపాకవాళ్ళు మీ సంగతి తెలిసినోళ్ళు. అన్నమయ్య పదాల్ని రాగిరేకుల మీద చెక్కించి, కొండ మీద గుడిలో రాతి అర కట్టించి పెట్టారు. నేనేమో స్టాంపు పేపర్ని నమ్మాను. నకలు కోసం అర్జీ పెడితే ‘కారణం’ అన్న చోట ఏం రాయాలో తోచక ‘చెదలు’ అని రాశాను. గుమస్తా నవ్వలేదు. వాళ్ళింట్లోనూ ఉన్నట్టున్నారు మీరు.

సరే, పిలిచింది మేమే. ఇల్లు కట్టేటప్పుడు ఇంజినీరు ముందే చెప్పాడు. గచ్చు వేయకముందే మట్టికి చదరపు మీటరుకి 5 లీటర్ల లెక్కన మందు నీళ్ళు పట్టించాలని, ఐఎస్ 6313 అని ప్రభుత్వం వారి పద్ధతే ఉందని. మా మామగారు ‘సామి ఊళ్ళో పురుగుమందేమిటికయ్యా’ అన్నారు. ఆ డబ్బు ముందువైపు ఆర్చికి పోయింది. సెంట్రింగు చెక్కల ముక్కలు ఏరి పారేయడానికి బద్ధకించి మేస్త్రి పునాది గుంతల్లోనే పూడ్చేశాడు. ఇంటికి ముందే మీకు విస్తరి వేశామన్న మాట. ఆపైన 2021 నవంబరు వానల్లో ఊరంతా మునిగినప్పుడు మా గోడలూ నానాయి. నాననిచోట బాత్రూం పైపు కారుతూ సాయం చేసింది. గోడకి ఆనించి మల్లెచెట్టు పెట్టి రోజూ నీళ్ళు పోసింది నేనే.

మిమ్మల్ని పంపించే ప్రయత్నాల్లో మొదటిది కిరసనాయిలు. కనబడిన నలుగురు పోయారు, కనబడని లక్షలమందికి వాసన కూడా తగల్లేదు. రెండోది ఒక కంపెనీ. పేరు చెప్పను. ఒకాయన వీపున చిన్న పంపు తగిలించుకుని వచ్చి, టైల్స్ మీద కళ్ళాపి చల్లినట్టు చల్లి, పదిహేను నిమిషాల్లో అయిదేళ్ళ వారంటీ కాగితం రాసిచ్చాడు. మీరుండేది మట్టిలో, ఆయన తడిపింది టైలు. పది రోజుల్లో బీరువా వెనక గీత మళ్ళీ లేచింది. ఫోను చేస్తే ‘అవి వేరే చెదలు సార్, ఇవి మా వారంటీలోకి రావు’ అన్నాడు. మీలో ఆధార్ కార్డులు ఎవరెవరికున్నాయో నాకెట్లా తెలుస్తుంది?

మూడోసారి వచ్చిన పిల్లోడు మాట్లాడేది తక్కువ. మల్లెచెట్టు తీయించాడు, పైపు బాగుచేయించేదాకా మిషను దించనన్నాడు. ఆ తర్వాత తన పని వివరించాడు. గోడ వారన అడుగుకొకటి చొప్పున 12 మిల్లీమీటర్ల రంధ్రాలు, బండ దాటి మట్టి తగిలేదాకా. ఒక్కోదాంట్లోకి లీటరు దాకా మందు నీళ్ళు, పైన తెల్ల సిమెంటు. మందు ఇమిడాక్లోప్రిడ్, లీటరు నీళ్ళకి 2.1 మిల్లీలీటర్లు. కొన్ని పాతరకం మందులైతే కంపుకి మీరు పక్కదారి పడతారట. దీనికి మీ ముక్కుకి తగిలే వాసన లేదు. మీరు మామూలుగా దాటుకుని పోతారు, ఇంటికెళ్ళి అలవాటుగా ఒకరినొకరు నాక్కుంటారు, నోటికి నోరు పెట్టి తినిపించుకుంటారు. అంతే, పని అయిపోతుంది. వినేటప్పుడు మనసు కొంచెం చివుక్కుమంది, దాచను. మా అన్నదమ్ములమైతే ఈ మందుకి ఒక్కరం కూడా చావం.

మిషను ప్లగ్గులో పెట్టబోతుంటే మా ఆవిడ ఆపేసింది. ఆ రోజు నాగుల చవితి. భూమిని తవ్వకూడదు. ‘గమ్మున కూచో నాయనా, కాఫీ తాగు’ అని ఆ పిల్లోణ్ణి వరండాలో కూర్చోబెట్టి, చెంబులో పాలు, చలిమిడి, నువ్వులుండలు తీసుకుని వీధి చివర పుట్టకి పోయింది. నేనూ వెనకాల పోయాను. పసుపు చల్లి, కుంకుమ పెట్టి, కన్నంలోకి పాలు పోస్తుంటే నురగ బుసబుసమని లోపలికి దిగింది. పుట్ట అంచున ఒక తెల్ల రవ్వ పాలలో తడిసి, ఎటు పోవాలో తెలియక తిరుగుతోంది. మా ఆవిడ దండం పెట్టుకుంటోంది కాబట్టి నేనూ పెట్టాను.

మరుసటి రోజు పొద్దున తొమ్మిదికి డ్రిల్లు మొదలైంది. మొత్తం 214 రంధ్రాలు, కుర్చీ వేసుకుని లెక్కపెట్టాను. మందు సీసాలోంచి అర లీటరు కూడా ఖర్చు కాలేదు.

ఇట్లు,
మీ పైఅంతస్తు ఇంటి ఓనరు (దస్తావేజు ప్రకారం. ఉత్తరం, దక్షిణం హద్దులు మీ దగ్గరున్నాయి, వీలుంటే పంపగలరు)