పావురానికి ఇంగ్లిష్‌లో ఏమంటారు?

ఫిబ్రవరి రెండో వారం. నల్లగొండలో మా చెల్లె వాళ్లింటికి పోతే మేనకోడలు హోంవర్క్ ముందేసుకుని కూర్చుంది. నాలుగో తరగతి, ప్రైవేటు బడి. చేతిలో వాలెంటైన్స్ డే వర్క్‌షీట్ ఒకటి. ఎడమవైపు బొమ్మలు, కుడివైపు ఇంగ్లిష్ మాటలు, గీత గీసి జత చేయాలి. గులాబీ, చాక్లెట్, కార్డు, హార్టు గబగబా అయిపోయాయి. ఐదో బొమ్మ దగ్గర పెన్సిల్ ఆగింది. రెక్కలున్న చంటిపిల్లాడు, చేతిలో విల్లు.

“మామా, గీ పిలగానికి అంగీలాగు లేవేంది? బాణమెందుకు పట్టిండు?”

“వాడు క్యూపిడ్. మన కాముడు లేడా, అట్లాంటోడే.”

“కాముడంటే మనం కాలవెడ్తం, ఆయననా?”

అవును, ఆయనే. మనం హోలీ ముందు రాత్రి వాడకట్టు మూలమీద కట్టెలు పేర్చి కాల్చే కాముణ్ని పడమటి దేశాలవాళ్లు కార్డుల మీద అచ్చేసుకున్నారు. ఈ ముచ్చట వినగానే పిల్లకు ఎక్కడలేని హుషారొచ్చింది. ఆ కాగితంలో అప్పటిదాకా తనకు తెలిసినవాళ్లెవరూ లేరు, ఒక్కడు దొరికాడు.

మర్నాటికి కథ మారింది. తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో ఒకాయన ఆ వర్క్‌షీట్ ఫొటో పెట్టి, చిన్నపిల్లలకు ప్రేమ పాఠాలేందని నిలదీశాడు. సాయంత్రానికి మెసేజ్‌ల వరద. బడివాళ్లు టెన్షన్ పడి కాగితం వెనక్కి తీసుకున్నారు. ఫిబ్రవరి 14న తల్లిదండ్రుల పాదపూజ చేయిస్తామని ప్రకటించి బయటపడ్డారు. నాకు మాత్రం రెండు పక్షాల మీదా కోపమొచ్చింది. వద్దన్నవాళ్లు కాగితంలో ఏముందో చదవలేదు. ఇచ్చినవాళ్లు అందులో ఇంగ్లిష్ ఎంతుందో చూసుకోలేదు. ఐదు నామవాచకాలు, అందులో సగం మన పిల్లలు బడికి రాకముందే అనే మాటలు. ఒక్క వాక్యం లేదు. అది భాషా పాఠం కాదు, గిఫ్ట్ షాపు బిల్లు.

అసలు చిక్కు పండుగలో కన్నా ‘లవ్’ అనే మాటలో ఎక్కువుంది. ఇంగ్లిష్‌లో అది వెడల్పాటి మాట. అమ్మనూ, కుక్కపిల్లనూ, మామిడికాయ పప్పునూ, మొదటి వాననూ అన్నిటినీ ఆ ఒక్క మాటతోనే అనొచ్చు. తెలుగులోకి వచ్చేసరికి అది సన్నబడింది. ‘వాళ్లది లవ్వు’ అంటే మనకు ఒక్కటే అర్థం. ‘లవ్ మ్యారేజ్’ అంటే రెండిళ్లలో లొల్లి అయి ఉంటుందని కూడా అర్థం. పిల్లలు ఈ మాటను బడిలో కొత్తగా నేర్చుకోరు. టీవీ నుంచీ, అరుగుల మీది ముచ్చట్ల నుంచీ ఆ ఇరుకు అర్థాన్నే ముందుగా మోసుకొస్తారు. వాట్సాప్‌లో అడిగిన తండ్రి చదివిందీ ఆ అర్థంతోనే. టీచరు బోర్డు మీద ‘లవ్ అంటే ప్రేమ’ అని రాసి చేయి దులుపుకుంటే ఆ ఇరుకు ఇంకా బిగుస్తుంది, ఎందుకంటే ‘ప్రేమ’ను కూడా మన సినిమాలు ఏనాడో ఒక్క గదిలో పెట్టి తాళమేశాయి.

మా దిక్కు ఇంకో మాట ఉంది. పావురం. పుస్తకాల్లో అది పిట్ట. మా ఊళ్లలో ‘ముసలమ్మకు మనుమరాలంటే మస్తు పావురం’ అంటే ముద్దు, మురిపెం, కడుపులో పెట్టుకుని చూసుకోవడం అన్నీ కలిసినది. ‘పావురంగ పెంచుకున్న బిడ్డ’ అని అప్పగింతలప్పుడు ఏడుస్తారు. ఇష్టం, మురిపెం, పావురం, పానం (ప్రాణం) ఇన్ని పోగులు కలిపి పేనితే ఇంగ్లిష్ ‘లవ్’ అవుతుంది. నాలుగో తరగతి పిల్లకు ముందు ఈ మాటలన్నీ చెప్పించి, ఆ తర్వాత వీటన్నిటికీ వాళ్లు ఒక్క మాటే వాడతారని చెబితే, ఇంట్లో ఎవరికీ అభ్యంతరం ఉండదు. పిల్లకు కూడా రెండు భాషలు లోకాన్ని వేరువేరుగా కోస్తాయన్న సంగతి ఆ వయసులోనే తెలుస్తుంది.

వ్యాకరణం సంగతికొస్తే, ఈ ఒక్క క్రియతో నెల రోజులు పాఠం చెప్పొచ్చు. తెలుగులో ‘నాకు అమ్మంటే ఇష్టం’ అంటాం. ఇష్టపడేది నేనే అయినా వాక్యంలో ‘నేను’ లేదు, ‘నాకు’ ఉంది. క్రియ అసలే లేదు. అందుకే మన పిల్లలు ‘మీ లైక్ మ్యాంగో’ అని మొదలుపెడతారు. అది తెలివితక్కువతనం కాదు, తెలుగు తర్కం. రెండోది, ‘ప్రేమిస్తున్నాను’ అనే రూపం మనకు ఇప్పుడు జరుగుతున్నదానికీ, ఎప్పుడూ ఉండేదానికీ రెంటికీ పనికొస్తుంది. దాన్ని అట్లాగే దింపితే ‘ఐ యామ్ లవింగ్ మై మదర్’ అవుతుంది. ఇంజినీరింగ్ చదివినవాళ్లు కూడా ఈ ‘ఇంగ్’ వదిలించుకోలేక ఇంటర్వ్యూల్లో తడబడతారు. మనసులో స్థిరంగా ఉండేదానికి ఇంగ్లిష్ మామూలుగా ఆ తోక తగిలించదని తొమ్మిదేళ్లప్పుడు చెప్పడానికి ‘ఐ లవ్ మై మదర్’ కన్నా మంచి వాక్యం ఏది?

ఇక పండుగ పుట్టుక. వాలెంటైన్ అనే పేరుతో రోమన్ కాలంలో ప్రాణాలిచ్చిన క్రైస్తవులు ఒకరి కన్నా ఎక్కువమంది ఉన్నారు. వాళ్లలో ఒకాయన దొంగచాటుగా పెళ్లిళ్లు చేశాడన్న కథ తర్వాత అల్లుకున్నది. 1969లో కాథలిక్ చర్చి తన సాధారణ పండుగల క్యాలెండర్ నుంచి ఆ రోజును తీసేసింది కూడా. దాన్ని విదేశీ మతం పండుగ అని వ్యతిరేకించేవాళ్లకు ఈ సంగతి పెద్దగా తెలియదు. ఆ రోజును ప్రేమతో ముడిపెట్టింది కవులు. 14వ శతాబ్దం చివర్లో ఇంగ్లిష్ కవి చాసర్, ఆ రోజున పక్షులన్నీ ఒకచోట చేరి జతలు ఎంచుకుంటాయని రాశాడు. అంటే వాళ్ల ప్రేమ పండుగ పిట్టలతో మొదలైంది, మన ప్రేమకు పిట్ట పేరే ఉంది. రెంటికీ చుట్టరికం లేదు కానీ, క్లాసులో ఈ రెండూ పక్కపక్కన పెడితే ఏ పిల్లాడూ మరిచిపోడు.

నాకు బాగా నచ్చింది 1477 నాటి ఉత్తరం. ఇంగ్లాండ్‌లో నార్ఫోక్ ప్రాంతపు అమ్మాయి మార్జెరీ బ్రూస్, తాను చేసుకోబోయే జాన్ పాస్టన్‌ను ‘వాలెంటైన్’ అని సంబోధిస్తూ రాయించింది. ఇంగ్లిష్‌లో దొరికిన వాలెంటైన్ ఉత్తరాల్లో ఇదే పాతదని చెబుతారు, బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. ఇంతకీ అందులో విషయం ఏమిటి? కట్నం. నాన్న ఇస్తానన్నదానికి మించి పైసా పెంచనంటున్నాడు, అమ్మ ఎంత చెప్పినా వినడం లేదు, నీకు నా మీద ప్రేముంటే ఆ కారణంగా నన్ను వదిలేయకు అని. చివరికి పెళ్లయింది. ప్రేమ పండుగ మన సంస్కృతికి పరాయిదనేవాళ్లు ఈ ఉత్తరం చదవాలి. మిర్యాలగూడలోనో జడ్చర్లలోనో సంబంధం మాట్లాడుకునే ఇంట్లో కూర్చున్నట్టే ఉంటుంది.

1840లో బ్రిటన్‌లో ఒక్క పెన్నీకి ఉత్తరం ఏ మూలకైనా పోయే పద్ధతి వచ్చాక కార్డుల వ్యాపారం పెరిగింది. మనకు తెలిసిన గులాబీల, చాక్లెట్ల తంతు ఆ వ్యాపారం కొనసాగింపే. దాని మీద ఎక్కువ చెప్పడానికి లేదు. వర్క్‌షీట్ తయారుచేసినవాళ్లు మాత్రం పండుగంటే అదొక్కటే అనుకున్నారు.

పిల్లలకు పనికొచ్చే ఆచారాలు పక్కనే ఉన్నాయి. ఫిన్లాండ్‌లో ఆ రోజు పేరే స్నేహితుల దినం. జపాన్‌లో ఆడవాళ్లు మగవాళ్లకు చాక్లెట్లు ఇస్తే, సరిగ్గా నెలకు, మార్చి 14న, మగవాళ్లు బాకీ తీరుస్తారు. అమెరికాలో చిన్న తరగతుల పిల్లలు అట్టపెట్టెను పోస్టు డబ్బాలా అలంకరిస్తారు, క్లాసులో ఉన్న ప్రతి ఒక్కరికీ కార్డు రాస్తారు. ఎవరినీ వదలొద్దన్న నియమం చాలా బళ్లలో ఉంది. ఒక్క కార్డూ రాని పిల్ల పడే బాధ చూశాక పెట్టుకున్న నియమం అది. మన బళ్లలో ఎవరి పక్కన ఎవరు కూర్చుంటారో, ఎవరి టిఫిన్‌లో ఎవరు చేయి పెట్టరో తెలిసినవాళ్లకు ఆ నియమం విలువ తెలుస్తుంది.

అన్నిటికన్నా నన్ను ఆపేసింది ఇంగ్లాండ్ పల్లెల పాత అలవాటు. నార్ఫోక్, నార్తాంప్టన్‌షైర్ వంటి చోట్ల ఒకప్పుడు ఆ రోజు తెల్లవారుజామునే పిల్లలు గుంపుగా ఇంటింటికీ పోయి, ‘గుడ్ మారో వాలెంటైన్’ అని పాడి, చిల్లర పైసలో తీపి బన్నులో తెచ్చుకునేవాళ్లు. నార్ఫోక్‌లో ఇప్పటికీ పండుగ ముందు రాత్రి జాక్ వాలెంటైన్ అనే కనపడని మనిషి తలుపు కొట్టి, గడపలో కానుక పెట్టి మాయమవుతాడని పిల్లలకు చెబుతారు.

ఇది చదివినప్పుడు నాకు మా ఊరి జాజిరి గుర్తొచ్చింది. ఫాల్గుణ పున్నమి దగ్గరపడుతుంటే పిల్లలం చేతుల్లో కోలలు పట్టుకుని, ఇంటింటి ముందు కోలాటమేసి జాజిరి పాడేవాళ్లం. పైసలిచ్చేవాళ్లు పైసలు, లేనివాళ్లు చాటెడు జొన్నలు. ఇయ్యకపోతే కదిలేది లేదు. కామునికి కావాల్సిన కట్టెలు కూడా అడిగో, అడగకుండానో తెచ్చేవాళ్లం (ఎవరి దొడ్డి తడిక పోయిందో ఇప్పుడెందుకు లెండి). అక్కడ వాలెంటైన్ పేరుతో ఫిబ్రవరిలో, ఇక్కడ కాముని పేరుతో మరికొన్నాళ్లకు, రెండు చోట్లా ప్రేమ పేరు చెప్పి చిల్లర వసూలు చేసింది పిల్లలే. పెద్దవాళ్లు ఈ పండుగల మీద కొట్లాడుకోవడం చూస్తే నవ్వొస్తుంది.

అయితే తల్లిదండ్రుల భయం ఉత్తదని నేననను. 2018లో మిర్యాలగూడలో కూతురు కులాంతర పెళ్లి చేసుకుందని తండ్రి కిరాయి మనుషులతో అల్లుణ్ని చంపించాడు. గర్భవతి అయిన భార్య కళ్లముందే జరిగింది. 2025లో నల్లగొండ కోర్టు శిక్షలు వేసేదాకా ఆ ఊరు ఆ మాట మోస్తూనే ఉంది. అటువంటి చోట ఒక టీచరమ్మ ‘లవ్’ అని బోర్డు మీద రాయడానికి వెనకాడితే ఆమెను ఏమీ అనలేం. కాకపోతే ఆ మాటను బడి వదిలేస్తే పిల్లలు వదిలేయరు. పదేళ్ల తర్వాత ఫోన్లో, సినిమాలో, ఆ ఇరుకు అర్థంతోనే మళ్లీ ఎదురవుతుంది. అమ్మ మీద, నేస్తం మీద కూడా వాడే మాటగా దాన్ని ముందే పరిచయం చేసే చోటు బడి ఒక్కటే.

సర్కారు బళ్లకు ఇది ఇంకా అవసరం. 2022-23 నుంచి తెలంగాణలో ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లిష్ మీడియం పెట్టారు. ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్ ఉన్న పుస్తకాలిచ్చారు. సర్కారు బళ్లను బాగుచేసే ‘మన ఊరు మన బడి’ పథకం మొదలైంది కూడా మా పక్క వనపర్తిలోనే. గోడలకు రంగులొచ్చాయి. పిల్లల నోట్లో వాక్యం రావడం అంత తొందరగా అయ్యే పని కాదు.

దేవరకొండ దిక్కు ఒక ప్రాథమిక బడిలో పనిచేసే మిత్రుడి క్లాసులో మేమిద్దరం ఒక ప్రయోగం చేశాం. చార్టులు కొనలేదు. బడి ముందు రావిచెట్టు ఉంది, రావాకు అచ్చం హార్టు బొమ్మే. పుస్తకాల మధ్య పెట్టి ఎండిన ఆకులను పాత నోటుబుక్కు కాగితాలకు అంటించారు. పేర్ల చిట్టీలు తీశారు. మగపిల్లాడికి ఆడపిల్ల చిట్టీ రాగానే కిసకిసలు. మిత్రుడికి చెమటలు. అందుకే ముందే షరతు పెట్టుకున్నాం: అవతలివాళ్లు చేసిన ఒక్క మేలు గురించే రాయాలి. ‘థ్యాంక్యూ ఫర్’ తర్వాత ఏమొస్తుందో వాళ్లే వెతుక్కోవాలి. కిసకిసలు ఐదు నిమిషాల్లో ఆగి, ‘సార్, ఇరేజర్ స్పెల్లింగేంది’ అనే గోల మొదలైంది. ఒకడు ‘ఐ లవ్ యువర్ సైకిల్’ అని రాశాడు. సైకిల్ గురించి కాదురా, మనిషి గురించి రాయమంటే, “సైకిల్ ఇచ్చేది వాడే గద సార్” అన్నాడు. మార్కులు వేయాల్సిందే.

ఒక పిల్లకు చిట్టీ అక్కర్లేదట. అమ్మానాన్న పుణెలో బిల్డింగు పనికి పోయారు, తను నానమ్మ దగ్గర ఉంటుంది. ‘అమ్మా’ అని తెలుగులో రాసి, కింద ఇంగ్లిష్‌లో రాస్తానంది. “సార్, పావురం అంటే ఇంగ్లిష్‌ల ఏమంటరు?” ‘అఫెక్షన్’ అని బోర్డు మీద రాశాను. పొడుగు చూసి తల అడ్డంగా ఊపింది. ‘లవ్’ అని రాస్తే, “గది నాకెర్కనే” అని నాలుగు అక్షరాలు గబగబా దించుకుని, ఫొటో తీసి అమ్మకు పంపమంది.

కాముని పున్నమికి రెండు రోజుల ముందు మా గేటు ముందుకు జాజిరి పిల్లలొచ్చారు. ఈమధ్య అరుదైపోయింది, సంతోషమేసింది. వాళ్లలో ఒకణ్ని ఆపి, ఇంగ్లిష్‌లో అడిగితేనే పైసలన్నాను.

“సార్, గివ్ టెన్ రుపీస్.”

“ప్లీజ్ ఏదిరా?”

వాడు కోల భుజాన వేసుకుని ఒక్క క్షణం ఆలోచించాడు. “ప్లీజంటే ట్వంటీ సార్.”