ఏమీ చేయని స్విచ్చు

మొన్న శుక్రవారం న్యూజెర్సీలోని మా ఇల్లు అమ్మేశాము. అమ్మేశామనే అనుకుంటున్నాను. సంతకాలయ్యాయి, తాళాలు చేతులు మారాయి, కానీ మాకు రావలసిన సొమ్ములో 6,000 డాలర్లు మాత్రం అటు కొన్నవారికీ ఇటు మాకూ కాకుండా ఎస్క్రో ఖాతాలో, అంటే షరతు తీరేదాకా డబ్బు మధ్యవర్తి దగ్గర ఉండే ఖాతాలో, ఆగిపోయాయి. ఎందుకు ఆగిపోయాయని మా ఆవిడ డల్లాస్ నుంచి పూటకొకసారి అడుగుతోంది. పూర్తిగా చెప్పే ధైర్యం లేక ఇక్కడ రాస్తున్నాను.

ఉద్యోగం డల్లాస్‌కు మారింది, పిల్లలూ సామానూ ముందే వెళ్లిపోయారు, ఇంటి వ్యవహారం ముగించడానికి నేనొక్కడినే హోటల్లో మిగిలాను. అంతవరకు ఎవరికైనా జరిగేదే. ఇల్లు అమ్మేవాడు ఇంటి స్థితిగతులన్నీ ఒక ఫారంలో నింపి కొనేవాడికి ఇవ్వడం ఇక్కడ 2024 ఆగస్టు నుంచి తప్పనిసరి అయింది. ప్రశ్నలకు ఎదురుగా అవును, కాదు, తెలియదు అని మూడు గడులుంటాయి. ఒకటో తరగతి నుంచి ఇంజినీరింగు దాకా నేను రాసిన ఏ పరీక్షలోనూ తెలియదు అన్న జవాబుకు మార్కు వేసిన మహానుభావుడు లేడు. అటువంటిది నా అజ్ఞానానికి ఒక ప్రభుత్వం సొంతంగా గడి గీసి ఇవ్వడం చూసి కళ్లు చెమర్చాయి. హీటింగుకు సంబంధించిన ప్రశ్నల దగ్గర ఆ గడిని ధారాళంగా వాడుకున్నాను.

మా లాయరుగారు మాత్రం హెచ్చరించారు. ఇల్లు ఉన్నది ఉన్నట్టుగా అమ్ముతున్నామని ఒప్పందంలో రాసుకున్నంత మాత్రాన, తెలిసిన లోపాన్ని దాచిపెట్టినవాడు తప్పించుకోలేడట. అందుకు ఆయన ఒక పాత కేసు చెప్పారు. ఎడిసన్ ఊరికి ఎంతో దూరం లేని ఇంగ్లిష్‌టౌన్‌లో ఒక ఇల్లు కొనబోతున్నవారు, క్లోజింగుకు, అంటే తుది సంతకాలకు, ముందు ఒక సాయంత్రం చీకటిగా ఉన్న ఆ ఇంట్లోకి వెళ్లి లైటు వేయగానే బొద్దింకలు నలుదిక్కులా పరుగెత్తాయట. అమ్మేవారు తెలిసి దాచి ఉంటే అందుకు బాధ్యులు కావలసి వస్తుందని 1974లో న్యూజెర్సీ సుప్రీం కోర్టు తేల్చింది. మా ఇంట్లో బొద్దింకలు లేవని చెప్పి నిశ్చింతగా ఇంటికి వచ్చాను. కథలో నేను గమనించవలసినది బొద్దింకలను కాదు, స్విచ్చును అని అప్పటికి తోచలేదు.

కొన్నది వరంగల్ అబ్బాయి. మొదటిసారి ఇల్లు చూడటానికి వచ్చినప్పుడు "అన్నా" అని పిలిచి, కాఫీ తాగి, "ఇన్‌స్పెక్షన్ ఉత్త ఫార్మాలిటీ అన్నా" అని వెళ్లాడు. వారం తిరగకుండా ఆ ఫార్మాలిటీ 58 పేజీల నివేదికగానూ, అన్నా అనే పిలుపు వాళ్ల లాయరు ఉత్తరంలో "విక్రేత" గానూ మారాయి. ఇంటిని వెచ్చబరిచే ఫర్నేస్‌కు 19 ఏళ్లు వచ్చాయి, ఆయుర్దాయం చివరికి చేరింది, కాబట్టి 5,000 తగ్గించాలన్నారు. వయసు లోపం కాదని మేము జవాబిచ్చాము. కాదు లోపమేనని వాళ్లు రాశారు. రెండు వైపులా లాయర్లు గంటల లెక్కన వృద్ధాప్యాన్ని చర్చించిన మీదట 3,000 దగ్గర రాజీ కుదిరింది. ఆ నివేదిక 41వ పేజీలో ఇంకొక ముక్క కూడా ఉందని, దాన్ని అటు గానీ ఇటు గానీ ఎవరూ చదవలేదని తరువాత తెలిసింది.

ఇక్కడ ఒక చిన్న సంగతి ఒప్పుకోవాలి. బేస్‌మెంటు మెట్ల పైభాగాన గోడకు రెండు స్విచ్చులుండేవి. ఒకటి మెట్ల లైటుది. రెండవదానికి ఎర్రటి ప్లేటు ఉండేది, దాని మీద ఏవో అక్షరాలు కూడా ఉండేవి. పదకొండేళ్లలో ఆ అక్షరాలు ఎందుకున్నాయని నేను ఒక్కనాడూ అడగలేదు. ఇల్లు మార్కెట్లో పెట్టే ముందు మా ఏజెంటు గోడలన్నీ పరిశీలించి, తెల్లటి గోడ మీద ఈ ఎరుపు కంటికి గుచ్చుకుంటోందని అన్నారు. నేను డాలరు కూడా చేయని తెల్ల ప్లేటు కొనుక్కొచ్చి, స్వహస్తాలతో స్క్రూలు బిగించి, ఎర్రదాన్ని గ్యారేజీలోని మేకుల డబ్బాలో పడేశాను. అప్పటి నుంచి ఆ రెండు స్విచ్చులు కవలపిల్లల్లా ఉన్నాయి.

గురువారం రాత్రి ఖాళీ ఇంటికి వెళ్లి చివరిసారి ఊడ్చి, గదిగదికీ తిరిగి లైట్లన్నీ ఆర్పాను. ఖాళీ గదిలో ఫ్యాను తిరిగితే మా నాన్నగారికి ఒంటి మీద తేళ్లు పాకినట్టుండేది, ఆ పెంపకం ఎక్కడికి పోతుంది? మెట్ల దగ్గర చీకట్లో అరచేతితో రెండు స్విచ్చులనూ ఒకే ఊపున కిందికి తోసి వచ్చాను.

మరునాడు ఉదయం తొమ్మిదింటికి వాక్‌త్రూ, అంటే కొనేవారు ఇంటిని చివరిసారి తిరిగి చూసుకోవడం. బయట మంచు. ఇంట్లో 46 డిగ్రీలు, అంటే మన లెక్కలో 8. థెర్మోస్టాట్ బ్యాటరీలతో నడిచేది కావడంతో 68 కావాలని తెర మీద చూపిస్తూనే ఉంది, కింద ఫర్నేస్ మాత్రం ఉలకలేదు, పలకలేదు. అబ్బాయి ఫోనులో వీడియోలు చూసి ఫ్లేమ్ సెన్సర్‌కు మసి పట్టి ఉంటుందన్నాడు. మా ఏజెంటు ఫిల్టరు అన్నారు. నేను, నెల రోజులు వయసు లోపం కాదని ఉత్తరాలు రాయించిన నేను, అందరి ముందూ "పాపం, దానికీ వయసైపోయింది కదా" అన్నాను. ఏజెంటు నా కాలు తొక్కారు, కానీ అప్పటికే మాట బయటపడింది.

అబ్బాయి మామగారు కూడా వచ్చారు. విద్యుత్ శాఖలో ముప్పై రెండేళ్లు చేసి రిటైరైన పెద్దమనిషి, కూతురి దగ్గరికి వచ్చి నెలైంది. మంకీ క్యాపు, దాని మీద జాకెట్టు టోపీ, ఆ పైన శాలువా. మేమంతా కింద ఫర్నేస్ చుట్టూ చేరి దానికి పరామర్శ చెబుతుంటే ఆయన మెట్ల మీదే నిలబడిపోయి, గోడను చూస్తూ, "సార్, ఈ రెండో స్విచ్చు దేనిది?" అని అడిగారు.

ఆ క్షణంలో నాకు మూడో గడి గుర్తుకు రావలసింది. ఫారం నింపేటప్పుడు అన్నిసార్లు నిజాయితీగా ఒప్పుకున్న తెలియదు అనే మాట, ఎదురుగా మనిషి నిలబడి అడిగేసరికి ఎందుకో నోట రాలేదు. పదకొండేళ్లు కాపురం చేసిన ఇంటి స్విచ్చు దేనిదో తెలియదని పరాయివాళ్ల ముందు ఎలా చెప్పడం? పైగా ప్రతి ఇంట్లోనూ ఏమీ చేయని స్విచ్చు ఒకటి ఉంటుందని, కట్టినవాడు దిష్టి తగలకుండా పెడతాడేమోనని నాకు ఎప్పటి నుంచో ఒక అభిప్రాయం ఉంది. కాబట్టి మెట్లెక్కి వెళ్లి, యజమాని ఠీవితో, "అది ఏమీ చేయదండీ" అన్నాను.

ఆయన చూపుడు వేలు చాచి స్విచ్చుకు అంగుళం దూరంలో ఆపారు. తెలియని స్విచ్చును ముట్టుకోకపోవడం ఆయన సర్వీసులో నేర్చుకున్న మొదటి పాఠమట. శాఖలో నిబంధనలు అంత గట్టిగా నేర్పినందుకు మామూలుగా అయితే సంతోషించేవాడిని. ఆయన తల పక్కకు వంచి, కళ్లద్దాలు సర్దుకుని, చాలాసేపు పరిశీలించి, "వేసే ఉంది కదా" అన్నారు.

నిజమే, స్విచ్చు కిందికి ఉంది. మన దేశంలో కిందికి నొక్కితే వేసినట్టు, ఇక్కడ పైకి ఎత్తితే వేసినట్టు. ఆయన వచ్చి నెలే అయింది కాబట్టి ఆయనను తప్పుపట్టలేము. నేను వచ్చి ఇరవై రెండేళ్లయింది. ఇరవై రెండేళ్లుగా రోజూ పైకి ఎత్తుతూ లైట్లు వేసుకుంటున్న నేను, ఆయనతో పాటు తల వంచి చూసి, "అవునండీ, వేసే ఉంది" అన్నాను. పైగా అక్కడితో ఆగానా? వేసి ఉన్నా ఏమీ జరగడం లేదంటే లోపల వైరు ఎక్కడో తెగి ఉండవచ్చని ఆయనంటే, అయి ఉండవచ్చని ఒప్పుకున్నాను. వేసి ఉన్న స్విచ్చు, తెగిపోయిన వైరు, ఇద్దరు సాక్షులు. ఆ ఇంటి మీద అంతకు ముందెవరూ కనిపెట్టని కొత్త లోపాన్ని అమ్మేవాడినే అయి దగ్గరుండి నిర్ధారించాను. అబ్బాయి అదంతా ఫోనులో రాసుకుని లాయరుకు పంపాడు.

పదకొండింటికి క్లోజింగ్. హీటింగు పనిచేసే స్థితిలో ఇల్లు అప్పగించడం అమ్మేవాడి బాధ్యతని ఒప్పందంలో ఉండటంతో, మరమ్మతు జరిగినట్టు లైసెన్సు ఉన్న టెక్నీషియన్ కాగితం ఇచ్చేదాకా 6,000 ఆపాలని వాళ్ల లాయరు అడిగారు. మా లాయరు నిమిషంలో ఒప్పుకున్నారు. మూడు వేల దగ్గర మూడు వారాలు పోరాడిన మనిషి ఆరు వేలకు నిమిషం కూడా ఎందుకు తీసుకోలేదో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

రెండింటికి టెక్నీషియన్ వచ్చాడు. మెట్ల దగ్గర ఆగాడు. సంచీ కింద పెట్టలేదు, చేతికి గ్లవ్స్ కూడా తీయలేదు. స్విచ్చును పైకి ఎత్తాడు. కింద ఒక చిన్న మోటారు గుర్రుమంది, ఇగ్నైటర్ ఎర్రగా కాగింది, మంట భగ్గుమని అంటుకుంది. కాసేపటికి పెద్ద ఫ్యాను తిరిగి, రాత్రంతా చల్లబడిన దుమ్ము వాసనతో వెచ్చటి గాలి మా ముఖాలకు కొట్టింది. పెద్దాయన మంకీ క్యాపు తీసి చేత పట్టుకుని, ఎవరి వైపూ చూడకుండా, "ఇక్కడ ఉల్టానా?" అన్నారు. అది ఫర్నేస్ అత్యవసర స్విచ్చని, దానికి ఎర్ర ప్లేటు ఉండాలని, దాన్ని తీసేసిన తెలివైనవాడెవడో అని టెక్నీషియన్ అన్నాడు. 41వ పేజీలో ఉన్నది కూడా అదేనట: ఫర్నేస్ స్విచ్చుకు గుర్తింపు లేదు, ఎర్ర ప్లేటు అమర్చవలెను.

195 డాలర్ల బిల్లు నేను కట్టాను. అందులో చేసిన పని అన్న చోట "స్విచ్చు వేయబడినది" అని మాత్రమే ఉంది. అది మరమ్మతు కిందికి రాదు కాబట్టి ఆ కాగితంతో ఎస్క్రో విడుదల కాదని వాళ్ల లాయరు అంటున్నారు. చెడిపోనిదాన్ని బాగుచేసినట్టు తాను రాయలేనని టెక్నీషియన్ అంటున్నాడు. ఈ ఉదయం మా లాయరు ఫోను చేసి, ఒక మధ్యేమార్గం కుదిరేలా ఉంది, ఆ పాత ఎర్ర ప్లేటును మళ్లీ బిగించి ఫోటో పంపితే చాలు, అది మీ దగ్గర ఉంది కదా అని అడిగారు.

ఉంది. గ్యారేజీలో, మేకుల డబ్బాలో. ఆ డబ్బాను ఇంటితో పాటే ఇచ్చేశాను.