ఇంటర్ దాకా ఆగితే ఆలస్యమే
తమకు కావలసింది తామే అడగడం వికలాంగ విద్యార్థులకు ఇంటర్ నుంచి నేర్పాలని వ్యాసంలో రాశారు. అప్పటికి ఆలస్యమైపోతుందండీ. మా అమ్మాయికి చూపు బాగా తక్కువ. ఇక్కడ బెంగళూరులో టెన్త్ వరకు ప్రతి టీచర్‌తోనూ నేనే మాట్లాడాను, తను నా చున్నీ కొస పట్టుకుని పక్కన నిలబడేది. పీయూసీలో (ఇక్కడి ఇంటర్) మొదటి పరీక్షకు మామూలు చిన్న అక్షరాల పేపరే ఇచ్చారు. అడగడానికి నోరు రాక, కాగితం ముక్కుకు ఆనించి చదువుకుంటూ సగమే రాసి వచ్చింది. అదనపు సమయం, స్క్రైబ్ (చెబితే జవాబులు రాసిపెట్టే మనిషి) సదుపాయం 2016 వికలాంగుల హక్కుల చట్టం 17వ సెక్షన్‌లోనే ఉన్నాయి. ఆ సంగతి నాకు తెలుసు, తనకు నేనెప్పుడూ చెప్పలేదు. ఆ తర్వాత కిరాణా కొట్టు దగ్గర మొదలుపెట్టాం. ‘నంగె సరియాగి కాణిసల్ల, స్వల్ప ఓది హేళి’ (నాకు సరిగా కనిపించదు, కొంచెం చదివి చెప్పండి) అని కన్నడంలో ధర తనే అడగాలి. మొదట్లో గొంతు వణికేది, చాలాసార్లు ఏమీ కొనకుండానే తిరిగొచ్చింది. నాలుగు నెలలు పట్టింది. ఈ ఏడాది వైకల్య సర్టిఫికెట్ పట్టుకుని ప్రిన్సిపాల్ గదిలోకి ఒక్కతే వెళ్లి, పెద్ద అక్షరాల పేపర్ కావాలని అడిగి వచ్చింది. నేను గేటు బయటే ఉన్నాను. ఈ అడగడం ఒకటో తరగతిలోనే నేర్పించి ఉండాల్సింది.